ఏసీకి పోసిన నూతి నీళ్ళు

మా ఏసీని సముద్రపు గాలి తినేసిందని అందరూ అనుకుంటారు. పరామర్శకి వచ్చినవాళ్ళు కూడా అదే అన్నారు. "ఉప్పుగాలి కదా టీచరుగారూ, ఓడ ఇనుమునే వదలదు, ఏసీ రేకులెంత?" అన్నారు. నేను కాదనలేదు. టీలు ఇచ్చి పంపాను. మా ఆయన పోయి ఏడాది దాటింది. ఆ మాట ఇప్పుడు ఎవరన్నా నేను కాదనడం లేదు. కాని అది నిజం కాదు.

ఆయన బోట్లు బాగుచేసే ప్రభుత్వ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేశారు. నేను తెలుగు మీడియం బళ్ళో టీచర్ని. ఇద్దరం అండమాన్లో పుట్టినవాళ్ళమే. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. ఉద్యోగాలున్నన్నాళ్ళూ క్వార్టర్లలో ఉన్నాం. ఆయన రిటైరయ్యే ముందు వేరే దీవిలో కొంచెం పోకతోట కొన్నారు. పోర్ట్ బ్లెయిర్ ఫీనిక్స్ బేలో బోటెక్కితే రెండున్నర గంటలు, దిగాక జీపులో ఇరవై నిమిషాలు. కరెంటు స్తంభాలు తోటకి కిలోమీటరున్నర దూరంలో ఆగిపోయాయి. ఆ మధ్యదంతా అడవి, అందులో స్తంభాలు పాతనివ్వరు. తోట చవగ్గా దొరికింది అందుకే. ఆయన సంతోషించిందీ అందుకే. నాలుగు సోలార్ పలకలు పెట్టి, బ్యాటరీలు పెట్టి, లైట్లూ ఫాన్లూ చిన్న ఫ్రిజ్జూ నడిపించారు. ఎవరొచ్చినా ముందు ఆ బ్యాటరీలు చూపించేవారు. ఆరేళ్ళు అలా గడిచాయి.

ఏడో ఏట నీళ్ళ ట్యాంకు మూత సరిచేయడానికి నిచ్చెనెక్కి పడిపోయారు. మెడ దగ్గర వెన్ను దెబ్బతింది. పోర్ట్ బ్లెయిర్లో కొన్నాళ్ళు, చెన్నైలో కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉన్నాం. మెడ కింద కదలిక రాలేదు. మాటా, చూపూ, వినికిడీ, బుర్రా మాత్రం పూర్వంలాగే ఉన్నాయి.

ఇంటికి పంపేముందు డాక్టరు నాకొక సంగతి చెప్పాడు. మెడ కింద ఆయన ఒంటికి ఇక చెమట పట్టదు. మనకి వేడి చేస్తే చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. ఆయనకి ఆ దారి మూసుకుపోయింది. గది వేడెక్కితే ఆయన ఒళ్ళూ వేడెక్కుతుంది, రోగం లేకుండానే జ్వరం వస్తుంది, అది ప్రాణం మీదకి తెస్తుంది. "గది ఇరవై ఆరు డిగ్రీలు దాటకుండా చూసుకోండి" అన్నాడు.

మా అమ్మాయి కుటుంబం పోర్ట్ బ్లెయిర్లోనే డాలీగంజ్‌లో ఉంటుంది. ఆస్పత్రి మంచం పక్కనే అమ్మాయి ఆ మాట ఎత్తింది.

"మా ఇంటికి వచ్చేయండి నాన్నా. ఏసీ ఉంది. కరెంటుంది. ఆస్పత్రి పావుగంట. ఇంకేం కావాలి?"

"మీ ఇంటికి చుట్టాలొస్తారమ్మా."

"వస్తే ఏంటి?"

"నన్ను సూసి పోతారు. మినీ జూలో మొసల్ని సూసినట్టు."

"అబ్బ, నాన్నా!"

"నా ఇల్లుంది. నా కరెంటుంది. ఎవుడికీ సలాం కొట్టక్కర్లేదు. నన్ను అక్కడ పడీండి. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుంటాను, పోతే అక్కడే పోతాను. మిగతాది మీయమ్మ సూసుకుంటది."

నన్ను అడగలేదు. అడిగితే సరేననేదాన్ని. కాని అడగలేదు.

ఆయన కోరింది అదొక్కటే, ఆ ఇంట్లో ఉండి ఆ ఇంట్లో పోవడం. దానికి ఒక చల్లటి గది కావాలి. స్తంభం లేని చోట చల్లటి గది.

ఏసీ ఎన్నుకోవడం ఆస్పత్రి మంచం మీదే జరిగింది. ఆయన చెప్పేవారు, నేను నోటుపుస్తకంలో రాసేదాన్ని. అంతవరకు నేను ఏసీ అంటే ఏసీయే అనుకున్నాను. పాత రకం మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుందట, ఆ దెబ్బకి పలకల కరెంటుని ఇంటికిచ్చే సోలార్ పెట్టె ఆగిపోతుందట. కొత్త రకం మెల్లగా మొదలై మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. అదే కొనాలి. ఒక టన్నుకి మించకూడదు. పలకలు నాలుగు చాలవు, పన్నెండు కావాలి. బ్యాటరీలు మార్చాలి. ఎండున్నంతసేపూ ఏసీని గట్టిగా నడిపి గోడల్ని చల్లబరిచేయాలి, అప్పుడు పొద్దుగూకాక బ్యాటరీ మీద బరువు తగ్గుతుంది.

"పెద్దగది ఒద్దు" అన్నారు. "సామాన్ల గది కాళీ చెయ్యి. పదడుగుల గది. చిన్న గదైతే చిన్న మిషను చాలు."

"అందులో కిటికీ ఒక్కటే ఉంది. మీకు ఊపిరాడదు."

"ఊపిరి సంగతి తరవాత. ముందు కరెంటు సంగతి సూడు."

పోర్ట్ బ్లెయిర్ షాపులో నేనొక్కదాన్నే నిలబడ్డాను. షాపతను సోలార్ అనగానే నవ్వాడు. "దీదీ, ఘర్ హై యా హోటల్?" అన్నాడు. ఇల్లేనన్నాను. ముందు తక్కువ ధర మిషను చూపించాడు. వెనక మూత తీసి చూపించమన్నాను. లోపల గొట్టం తెల్లగా ఉంటే అల్యూమినియం, ఎర్రగా ఉంటే రాగి, రాగి లేకపోతే బయటికొచ్చేయమని ఆయన చెప్పి పంపారు. తెల్లగానే ఉంది. "కాపర్ దిఖావో భయ్యా" అన్నాను. అతను నవ్వడం మానేసి లోపలికి వెళ్ళాడు. ఆ రోజు నాకు గర్వమేసింది. అది రాయడానికి సిగ్గుగా ఉంది.

బిగించడానికి పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ నుంచి మెకానిక్ వచ్చాడు. యాభై ఏళ్ళవాడు, మా తెలుగువాడే. ఒకప్పుడు ఓడల్లో చేపల చల్లగదులు బాగుచేస్తూ మా ఆయన కింద పనిచేశాడు. ఆయన్ని బాబాయ్ అనేవాడు, నన్ను పిన్నీ అనేవాడు. రేకు కప్పు మీద తాటాకులాంటి ధనీ ఆకు తడికెలు పరిపించాం, లోపల థర్మకోల్‌తో సీలింగ్ కొట్టించాం, తలుపు కింద సందులో పాత చీర మడిచి కుక్కాను. ఏసీ బయటిపెట్టె సముద్రం వైపు పెట్టకూడదని, కొండ వైపు చూరు కింద పెట్టమని ఆయన పట్టుబట్టారు. "ఆ పక్క గాలి రాదు. ఉప్పు రాదు" అన్నారు. ఇది గుర్తుంచుకోవాలి. మా బయటిపెట్టెకి సముద్రపు గాలి తగలనే తగలదు.

అది జూన్. ఏసీ నడిచింది. వర్షాకాలంలో పలకలకి ఎండ చాలని రోజులుండేవి గాని, ఆ రోజుల్లో వేడీ తక్కువే. మరీ మబ్బుగా ఉంటే చిన్న జనరేటరు వేసేదాన్ని. ఆయన మంచానికి ఎదురుగా గోడ మీద సోలార్ పెట్టె అంకెలు కనబడేటట్టు బిగించమన్నారు. పగలంతా వాటిని చూస్తూ ఉండేవారు. మేఘం అడ్డొస్తే అంకె పడిపోయేది, ఆయన "పోయింది" అనేవారు. ఎండొస్తే "వచ్చింది" అనేవారు. నేను ఆయనకి పుస్తకాలు చదివి వినిపించాలనుకున్నాను. వినేవారు కాదు. ఆయనకి ఆ అంకెలే చాలు.

మిషను మంచిదైతే సరిపోదు, చాకిరీ ఉంటుంది. ఆ చాకిరీ నాది. పదిరోజులకోసారి లోపలి జాలీలు తీసి కడగాలి. బయటిపెట్టెలో బల్లులు దూరి బోర్డు కాలిపోకుండా సందులకి దోమల వల కట్టాలి. పలకల మీద ఆకులు, పక్షి రెట్టలు తుడవాలి. ఏసీ నీళ్ళు కారే గొట్టంలో నాచు పట్టకుండా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, వారానికోసారి బయటిపెట్టె వెనకాల రేకుల మీద రెండు బకెట్ల వాన నీళ్ళు మెల్లగా పోయాలి. నోటుపుస్తకంలో ఇది ఆయన రెండుసార్లు రాయించారు. వాన నీళ్ళు, వాన నీళ్ళు.

ఆదివారం ఆయనకి ఒళ్ళంతా తుడిచి బట్టలు మార్చే రోజు. అది అయ్యాక బయటిపెట్టె పని చూసేదాన్ని. ఆయన లోపల్నుంచి అరిచేవారు.

"ఏటే టీచరమ్మా! నీ రెండో మొగుడికి నీళ్ళోశావా?"

"పోస్తున్నాను."

"మొదటోడికన్నా నయం. నోరెత్తడు."

నాకు నవ్వొచ్చేది. ఆ రోజుల్లో ఇద్దరం నవ్వేవాళ్ళం.

ఇక నీళ్ళ సంగతి చెప్పాలి. నా చిన్నతనం జంగ్లీఘాట్‌లో గడిచింది. మా వరసలో పది ఇళ్ళకి ఒక కుళాయి. వేసవొస్తే మూడు రోజులకోసారి నీళ్ళు వదిలేవారు. మా అమ్మకి ఒక నియమం ఉండేది. మంచినీళ్ళు వంటింటి గడప దాటకూడదు. తాగడానికీ వండడానికీ మాత్రమే. ఒకసారి నేను మంచినీళ్ళతో కాళ్ళు కడుక్కుంటే చెంప మీద కొట్టింది. మా వరసలో ప్రతి ఇంట్లో ఇదే నియమం. ఇక్కడ పుట్టిన మా వయసువాళ్ళని ఎవరినడిగినా ఇదే చెబుతారు. మంచినీళ్ళతో స్నానం చేసేవాణ్ణి మేము డబ్బు తగలేసేవాడికన్నా హీనంగా చూసేవాళ్ళం.

తోటలో వాన నీళ్ళకి ఒక పెద్ద ట్యాంకు ఉంది. నుయ్యీ ఉంది. నూతి నీళ్ళు కొంచెం ఉప్పన, చాలా గట్టి నీళ్ళు. కింద పగడపు రాయి కదా. ఆ నీళ్ళు కాచిన గిన్నెకి నెలరోజుల్లో తెల్లగా పెచ్చు కడుతుంది. అవి స్నానానికీ అంట్లకీ. డిసెంబరు దాకా ట్యాంకు పొర్లుతూనే ఉంటుంది కాబట్టి అప్పటిదాకా బయటిపెట్టెకి వాన నీళ్ళే పోశాను. జనవరిలో వానలు ఆగిపోయాయి. మళ్ళీ వాన పడేది మే నెలలో.

జనవరి రెండో ఆదివారం బకెట్టు ట్యాంకు కుళాయి కింద పెట్టాను. చెయ్యి తిప్పలేకపోయాను. నాలుగు నెలల తాగే నీళ్ళు అవి. వాటిని తీసుకెళ్ళి ఒక మిషను వీపు మీద పోయాలి. అది నావల్ల కాలేదు. నూతి దగ్గరికి వెళ్ళి రెండు బకెట్లు తోడి పోశాను.

లోపలికి వచ్చాక ఆయన అడిగారు. "వాన నీళ్ళేనా?"

"వాన నీళ్ళే" అన్నాను.

ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో నేను ఆయనకి చెప్పిన అబద్ధాలు లెక్కపెట్టుకోదగ్గవి. ఇది ఆలోచించకుండా వచ్చింది. మరుసటి ఆదివారం ఆయన అడగలేదు. నేనే చెప్పాను, వాన నీళ్ళు పోశానని. అడగకుండా చెప్పడమే నేరం ఒప్పుకోవడమని నాకు తెలియదా? తరగతి గదిలో పిల్లల దగ్గర నేనే ఎన్నిసార్లు అలా పట్టుకున్నాను.

ఫిబ్రవరి అయ్యేసరికి రేకులు తెల్లబడ్డాయి. పాత పళ్ళ బ్రష్షుతో తోమాను. కాగితమంత పల్చటి రేకులవి, కొన్ని వంగాయి. కొన్నిటి మధ్య సందు పూడిపోయింది. నేను బ్రష్షు మానేశాను గాని నూతి నీళ్ళు మానలేదు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం గది ఇరవై ఆరు నుంచి ఇరవై ఎనిమిదికి వెళ్ళింది. మర్నాడు ముప్ఫై. ఎండ విరగకాస్తోంది. పలకలు నిండా కరెంటు ఇస్తున్నాయి, బ్యాటరీలు నిండిపోయాయి. ఆయన గోడ మీద అంకెలు చూసి, చెవి పెట్టి విన్నారు.

"కంప్రెసర్ తిరుగుతంది. దాంట్లో గ్యాసు లేదు. కన్నం పడింది. మెకానిక్కి ఫోన్ కొట్టు."

మెకానిక్ మరుసటి బోటుకి వచ్చాడు. బయటిపెట్టె మూత విప్పాడు. నేను పక్కనే ఉన్నాను. రేకుల మీద వేలు పెట్టి నొక్కితే పొడిగా రాలాయి. రాగి గొట్టం వంపు దగ్గర నూనె మరక, అక్కడే కన్నం. కిందంతా తెల్లటి పెచ్చు, నూతి నీళ్ళు కాచే గిన్నెకి పట్టినట్టే. అతను నా వైపు చూశాడు. నేను వేరే వైపు చూశాను.

"ఏటయిందిరా?" లోపల్నుంచి ఆయన అడిగారు.

"కండెన్సర్ ఖతం బాబాయ్. పూరా గల్ గయా."

"ఒక ముక్క ఇరిసి పట్రా."

అతను ఒక ముక్క విరిచి తీసుకెళ్ళి ఆయన కళ్ళ ముందు పట్టుకున్నాడు. ఆయన చాలాసేపు చూశారు. ముప్ఫై ఏళ్ళు బోట్లలో ఉప్పు ఏం చేస్తుందో చూసిన మనిషి ఆయన.

"బాబాయ్" అన్నాడు మెకానిక్. "ఇటేపు గాలే రాదు గదా. ఇది గాలుప్పు కాదు. ఇది నూ…"

"సముద్రపు గాలేరా" అన్నారు ఆయన.

"అది కాదు బాబాయ్…"

"నీకు పని నేర్పింది నేనా, నువ్వు నాకా? సముద్రపు గాలే. ఎవులడిగినా అదే సెప్పు."

మెకానిక్ ముక్కని జేబులో వేసుకున్నాడు. అమ్మాయికీ అలాగే చెప్పాడు. ఆ మాట అక్కడ పుట్టింది.

అప్పుడే నేను నోరు విప్పాలి. మెకానిక్ ముందైనా, అతను వెళ్ళాకైనా. విప్పలేదు. అన్నం కలిపి ఆయనకి తినిపించాను.

కండెన్సరంటే ఆ రేకులూ గొట్టమూ కలిసిన చట్రం. కొత్తది పోర్ట్ బ్లెయిర్లో లేదు. చెన్నై నుంచి ఓడలో రావాలి. గ్యాసు సిలిండరు ప్రయాణికుల బోటులో ఎక్కనివ్వరు, సామాన్ల బోటులోనే రావాలి. పదిహేను రోజులైనా పడుతుందన్నాడు మెకానిక్.

ఆరు రోజులు లాగాను. జెట్టీ దగ్గర చేపలవాళ్ళని అడిగి ఐసు తెప్పించాను. దుప్పట్లు తడిపి కప్పాను, ఫాను పెట్టాను. తడపడానికి ఏ నీళ్ళు వాడానో చెప్పాలి. వాన నీళ్ళు. నూతి నీళ్ళు ఆయన చర్మానికి పడవు, దద్దుర్లొస్తాయి. ట్యాంకు కుళాయి తిప్పి బకెట్లకి బకెట్లు పట్టాను. అప్పుడు చెయ్యి ఆగలేదు. ఆరు రోజులు ధారగా వాడినా ట్యాంకు అడుగంటలేదు. వారానికి రెండు బకెట్లు పోసుంటే ఎన్ని తగ్గేవో నేను అప్పుడే లెక్కేసుకున్నాను. ట్యాంకులో బెత్తెడు లోతు నీళ్ళు. అంతే.

ఆరో రోజు జ్వరం నూట నాలుగు. మాట తడబడింది. అమ్మాయికి ఫోన్ చేశాను. అమ్మాయి, అల్లుడు వచ్చారు. స్ట్రెచరు మీద ఎక్కించేటప్పుడు ఆయన తల తిప్పి గోడ మీద అంకెలు చూశారు. "ఫుల్ ఉంది" అన్నారు. అంతే అన్నారు. ఊరివాళ్ళు నలుగురు మోసుకుంటూ జీపుదాకా తీసుకెళ్ళారు.

డాలీగంజ్‌లో ఏసీ రిమోట్ నొక్కితే నడుస్తుంది. ఎవరూ దాని గురించి ఆలోచించరు. ఆస్పత్రిలో నాలుగు రోజులుంచి ఇంటికి పంపారు. జ్వరం దిగింది గాని ఛాతీలో నెమ్ము చేరింది. చుట్టాలు వచ్చారు. ఆయన చెప్పినట్టే వరసగా కుర్చీల్లో కూర్చుని చూశారు. "అడవిలో ఏసీ ఏమిటి బావా, మాకైతే ముందే తెలుసు" అన్నాడొకాయన. ఆయన కళ్ళు మూసుకున్నారు.

ఒక పొద్దున్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పేశాను.

"ఏవండీ. నేను నూతి నీళ్ళు పోశాను."

"తెల్సు."

"ఆ ముక్క చూశాక తెలిసిందా?"

"జనవరి నించి తెల్సు. గిలక సప్పుడు వినబడదా నాకు? ట్యాంకు కుళాయికి గిలకుంటదేటి?"

ప్రతి ఆదివారం. నేను తోడడం ఆయన విన్నారు. లోపలికొచ్చి వాన నీళ్ళంటే విన్నారు.

"ఒక్క మాట అనొచ్చు కదండీ!"

"ఏటనీది?" ఆయన గొంతు లేచింది, దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా వీపు పట్టుకున్నాను. "పొద్దున్న లేస్తే నా ఒళ్ళు నువ్వు కడుగుతన్నావు. నా పీతి నువ్వు ఎత్తుతన్నావు. ఆదివారం ఆదివారం ఆ మిషనుకీ నువ్వే. మంచం మీద పడుకోని, ఆ నీళ్ళు కాదు ఈ నీళ్ళు పొయ్యి అని నిన్ను అదిలించనా? ఏ మొకంతో?"

"మీ ఇల్లండీ. మీరక్కడే ఉండాలన్నారు."

"అన్నాను."

"మరి?"

"ఓ ఏడాది కాస్తదిలే అనుకున్నాను. ఇంత తొందరగా తింటదనుకోలేదు."

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఆయన పడి ఉన్నారు కాబట్టి నన్నొక మాట అనడం తప్పనుకున్నారు. నేను ఆయన్ని కడుగుతున్నాను కాబట్టి ఆయన నన్ను యజమానిని చేశారు. ముప్ఫై ఆరేళ్ళలో కూరలో ఉప్పెక్కువైతే పళ్ళెం పక్కకి నెట్టిన మనిషి. ఆ మనిషే జనవరి నుంచి ఏప్రిల్ దాకా తన ఇల్లు పోతూంటే మర్యాదగా ఊరుకున్నారు. ఆ మర్యాద నాకెందుకు? నన్ను తిట్టి ఉంటే ఆయన ఆ గదిలోనే ఉండేవారు.

ఆ వారమే మెకానిక్ తోట నుంచి ఫోన్ చేశాడు. కండెన్సర్ వచ్చింది, బిగించేశాడు, గ్యాసు ఎక్కించాడు. స్పీకర్ పెట్టి ఆయన చెవి దగ్గర ఉంచాను.

"బాబాయ్, ఫస్ట్ క్లాస్‌గా నడస్తంది. ఇరవై నాలుక్కొచ్చేసింది. పిన్నీ, ఇంకో మాట. ఏసీ నీళ్ళు కారే గొట్టం కింద డ్రమ్ము పెట్టేను. రోజుకి బకెట్టుకి తక్కువ రాదు. ఆ నీళ్ళలో ఉప్పుండదు, ఏటుండదు. ఆదివారం ఆదివారం అయ్యే పోసీ. ట్యాంకు ముట్టుకోనక్కర్లేదు."

ఫోను పెట్టేశాను. పది నెలల పొడుగునా ఆ గొట్టం నీళ్ళతో నేను కరివేపాకు మొక్క తడిపాను. మిగిలినవి వాకిట్లో పారాయి.

"మీకు తోచలేదా?" అని అడిగాను. "ముప్ఫై ఏళ్ళు పని చేశారు."

"తోచలేదే" అన్నారు. చిన్నగా, పాఠం రాని పిల్లవాడిలా అన్నారు. అంతకుముందెప్పుడూ ఆయన గొంతు అలా విన్లేదు.

ఆ రోజు నుంచి ఆయన ఒకటే అడగడం మొదలుపెట్టారు. ఇంటికి తీసుకెళ్ళమని. మిషను బాగయింది, గది చల్లగా ఉంది, ఇంకేం అడ్డం అని. అమ్మాయి ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి చూసే డాక్టరు మాత్రం నన్ను పక్కకి పిలిచి, ఛాతీ ఇలాగే ఉంటే ఇక్కడైనా అక్కడైనా ఎక్కువ రోజులు కాదని, నిర్ణయం మీదేనని చెప్పాడు. అమ్మాయి కూడా చివరికి, "నీ ఇష్టం అమ్మా. నువ్వు తీసుకెళ్తానంటే నేను ఆపను" అంది.

అంటే నేను సరేనంటే ఆయన తన గదిలో పోయేవారు. ఆయన అడిగింది అదే.

నేను అనలేకపోయాను. ఆ గదిని మళ్ళీ నా చేతుల్లోకి తీసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. జాలీలు, గొట్టం, రేకులు, అంకెలు అన్నీ మళ్ళీ నావే. ఇంకేం తప్పు చేస్తానో, ఏది చూడకుండా వదిలేస్తానో. అక్కడ ఆయన పోతే అది నా వల్లే అవుతుంది, ఇక్కడ పోతే జబ్బు వల్ల. నేను అలా ఆలోచించాను. ఆయన గురించి ఆలోచించలేదు. దీన్ని ఇంకోలా చెప్పుకోవడానికి ఏడాదిగా చూస్తున్నాను, కుదరడం లేదు.

ఆయనకి మాత్రం అలా చెప్పలేదు. పోయే ముందు శనివారం పొద్దున్న మళ్ళీ అడిగారు.

"బోటు ఎప్పుడే?"

"వాతావరణం బాగోలేదట" అన్నాను. "సముద్రం పోటు మీదుందట. బోట్లు ఆపేశారు. సద్దుమణిగాక వెళ్దాం."

ఆయన కిటికీ వైపు చూశారు. పక్కింటి డాబా మీద ఆరేసిన బట్టలు కదలకుండా వేలాడుతున్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. ముప్ఫై ఏళ్ళు పొద్దున్నే సముద్రం చూసి, ఏ బోటు కదులుతుందో ఏది కదలదో చెప్పిన మనిషి.

"అలాగే" అన్నారు. "సద్దుమణగనీ."